పద్నాలుగు నెలల గాయం

1949 ఫిబ్రవరి 9, బుధవారం. తిరువణ్ణామలైలో ఇంకా వెలుగు పూర్తిగా పరుచుకోలేదు. అరుణాచలం కొండ నడుము చుట్టూ మంచు. రమణాశ్రమం వంటింట్లోంచి ఆవిరి వాసన. ఫలహారం గంట మోగేలోపు పని అయిపోవాలి. డాక్టర్ శంకరరావు, డాక్టర్ శ్రీనివాసరావు స్నానాలగదిలోకి వెళ్లారు. తలుపు మూసుకుంది.

లోపల డెబ్బయ్యో ఏడు నడుస్తున్న మనిషి. ఒంటి మీద కౌపీనం తప్ప ఏమీ లేదు. ఎడమ చెయ్యి చాపారు. మోచేతి దగ్గర చిన్న బొడిపె. 1948 చివర్లో మొదటిసారి కనిపించింది. చూసినవాళ్లు ఏదో కాయ కాచిందనుకుని ఊరుకున్నారు. ఇప్పుడది పెరుగుతోంది. కత్తి తగిలింది. నెత్తురు ఉబికింది. బొడిపె ఊడి వచ్చింది. దూది పెట్టి కట్టు కట్టేశారు. అంతా కొద్ది నిమిషాల్లోనే. రమణ మహర్షి లేచి, ఎప్పటిలాగే ఫలహారానికి నడిచారు. ఆ కట్టును మాత్రం ఎవరు దాచగలరు?

ఆశ్రమం హాల్లో ఆడవాళ్లు కూర్చునే వైపు ఒక తెలుగావిడ ఉండేవారు. సూరి నాగమ్మ. మంగళగిరి దగ్గర కొలనుకొండ ఆవిడ ఊరు. చిన్నప్పుడే పెళ్లి, చిన్నప్పుడే వైధవ్యం. 1941లో అరుణాచలం వచ్చి, ఆశ్రమం బయట ఒక గది తీసుకుని ఉండిపోయారు. రాత్రిళ్లు ఆడవాళ్లు ఆశ్రమంలో ఉండకూడదన్న నియమం మరి. 1945 నవంబరు నుంచి హాల్లో జరిగిందల్లా అన్నయ్యకు ఉత్తరాలుగా రాస్తున్నారు. ఎవరు ఏమడిగారు, మహర్షి ఏమన్నారు, ఆ రోజు ఆవు ఏం చేసింది, ఉడత ఏం చేసింది. శ్రీ రమణాశ్రమ లేఖలన్న పేరుతో తెలుగువాళ్లు చదువుకుంటున్నవి అవే. ఆ ఉత్తరాల్లోకి ఇప్పుడు కత్తులు, కట్లు, మందుల పేర్లు వచ్చిపడబోతున్నాయి.

పుండు మానింది. ఆశ్రమం ఊపిరి పీల్చుకుంది. పైగా ఇంటినిండా పెళ్లిసందడి లాంటి పని ముందుంది. 1922లో పోయిన తల్లి అళగమ్మ సమాధి మీద, పదేళ్లుగా రాయి మీద రాయి పేర్చి కట్టిన మాతృభూతేశ్వరాలయం పూర్తయింది. మార్చి 17న కుంభాభిషేకం. పందిళ్లు లేచాయి. రైళ్లలో, ఎడ్లబళ్లలో, కాలినడకన వేల జనం దిగారు. వేదపారాయణం, నాదస్వరం, హోమం పొగ, వంటశాలల్లో గాడిపొయ్యిల మంట, వీటన్నిటి మధ్యా మహర్షి ఒక్కచోట కదలకుండా కూర్చుని, వచ్చిన ప్రతి మొహాన్నీ చూస్తూ, మొక్కిన ప్రతి తలనీ గమనిస్తూ, ఎండ ఎక్కినా పొద్దు వాలినా అలాగే ఉన్నారు. జనం ఆయన కళ్లనే చూశారు. డాక్టర్లు మాత్రం మోచేతిని చూశారు. కోసిన చోటే బొడిపె మళ్లీ లేచింది.

నెల తిరక్కుండానే లేచింది. ఈసారి స్థానిక డాక్టర్లు తమంతట తాము కత్తి పట్టలేదు. మద్రాసుకు కబురు వెళ్లింది. మార్చి 27, ఆదివారం. పేరున్న సర్జన్ డాక్టర్ రాఘవాచారి వచ్చారు. కిందటిసారి కన్నా లోతుగా కోశారు. తీసిన ముక్కను పరీక్షకు పంపారు. జవాబు రావడానికి కొన్ని రోజులు పట్టింది. ఈలోగా పుండు మానకుండా మొరాయించింది. కట్టు మార్చిన ప్రతిసారీ నెత్తురు.

జవాబు వచ్చింది. సార్కోమా.

తెలుగు ఇళ్లలో క్యాన్సరంటే ఎక్కువగా నోరు, గొంతు, రొమ్ము, గర్భసంచి గుర్తొస్తాయి. ఇది వేరే జాతి. కండలో, కొవ్వులో, ఎముకలో, నరం తొడుగులో పుడుతుంది. పైకి గుండ్రంగా, బుద్ధిగా కనిపిస్తుంది. చేత్తో తీసేస్తే వచ్చేసేలా ఉంటుంది. మోసమంతా అక్కడే. గడ్డ అంచు దాటి, కంటికి కనపడని కణాలు చుట్టూ ఉన్న కండలోకి పాకి ఉంటాయి. గడ్డ మటుకు తీస్తే మిగిలినవి తిరగబెడతాయి. తిరగబెట్టిన ప్రతిసారీ కొంచెం దురుసుగా వస్తాయి. నెత్తుటి దారిన వెళ్తే ఊపిరితిత్తులకు చేరతాయి. ఇవాళైతే స్కానింగు తీసి, సూదితో ముక్క తీసి పరీక్ష చేశాకే కత్తి పడతారు. గడ్డతో పాటు చుట్టూ ఉన్న మంచి కండను కూడా కలిపి తీస్తారు, రేడియేషన్ ఇస్తారు, చాలామందికి చెయ్యి నిలబెడతారు. కోసిన చోటే గడ్డ మళ్లీ లేచిందంటే ఒక్క రోజు కూడా ఆగకూడదని ఇవాళ ఏ డాక్టరైనా చెబుతారు. 1949లో ఆ దారులు చాలావరకు లేవు. అమెరికాలో సిడ్నీ ఫార్బర్ పిల్లల రక్తక్యాన్సర్‌కు మందు ఇచ్చి చూసిన ఫలితాలు బయటపెట్టి అప్పటికి ఏడాదే. బొంబాయిలో టాటా ఆస్పత్రి పెట్టి ఎనిమిదేళ్లు. మద్రాసు అడయారులో ముత్తులక్ష్మీరెడ్డి క్యాన్సర్ ఆస్పత్రి తలుపులు తెరవడానికి ఇంకా అయిదేళ్లుంది. డాక్టర్ల చేతిలో నికరంగా ఉన్నది ఒక్కటే మాట. ఆ మాట మహర్షికి ఎవరు చెప్పాలి?

చెప్పారు. చెయ్యి తీసేయాలి.

గది నిశ్శబ్దమైపోయింది. డాక్టర్లు చెప్పింది తప్పు కాదు. ఆ రోజుల లెక్కలో బతికే అవకాశం ఏదైనా ఉందంటే అందులోనే ఉంది. మహర్షి విన్నారు. కంగారుపడాల్సిందేమీ లేదన్నారు. ఈ శరీరమే ఒక రోగమన్నారు. దాని ముగింపు దాన్ని చూసుకోనివ్వండి, ముక్కలు చెయ్యడం ఎందుకు, ఊరికే కట్టు కడుతూ ఉంటే చాలన్నారు. గొంతు పెరగలేదు, తగ్గలేదు. వాదించడానికి సందు దొరకని నెమ్మది అది. డాక్టర్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఈ నెమ్మది ఆ రోజు పుట్టింది కాదు. 1896లో, మదురైలో, చిన్నాన్న ఇంటి మేడ మీద గదిలో పదహారేళ్ల వెంకటరామన్ ఒంటరిగా కూర్చుని ఉన్నాడు. ఒంట్లో ఏ జబ్బూ లేదు. ఉన్నట్టుండి చావు భయం పట్టుకుంది. చచ్చిపోతున్నానన్న భయం. డాక్టరు కోసం పరిగెత్తలేదు, పెద్దవాళ్లను పిలవలేదు. నేల మీద వెల్లకిలా పడుకుని, కాళ్లూ చేతులూ కర్రల్లా బిగదీసి, పెదవులు మూసి, ఊపిరి బిగబట్టి, సరే ఈ ఒళ్లు చచ్చింది, దీన్ని మోసుకెళ్లి కాల్చేస్తారు, అప్పుడు నేనన్నవాడు కూడా పోతాడా అని లోపలికి తొంగిచూశాడు. ఆరు వారాలకు ఇల్లు వదిలాడు. సెప్టెంబరు 1న తిరువణ్ణామలైలో రైలు దిగాడు. మళ్లీ ఆ ఊరు దాటి వెళ్లలేదు. కాబట్టి యాభై మూడేళ్ల తర్వాత డాక్టర్లు తెచ్చిన కబురు ఆయనకు కొత్తది కాదు. కొత్తగా తగిలింది చుట్టూ ఉన్నవాళ్లకు.

వాళ్లు ఊరుకోగలరా? ఎండలు ముదిరాయి. కొండ రాళ్లు కాలిపోతున్నాయి. నీడన కూర్చున్నా ఒళ్లు తడిసిపోతోంది. ఆశ్రమానికి వచ్చే ప్రతి బండిలోనూ ఒక సలహా దిగేది. ఎక్కడో ఎవరికో నయం చేసిన మందు. ఎవరో సాధువు చెప్పిన చిట్కా. ఉత్తరాలు, తంతులు, పొట్లాలు, సీసాలు. పుండుకు పొద్దుటి ఎండ తగలనివ్వమన్నారు. తగలనిచ్చారు. ఆకుల కషాయంతో కడగమన్నారు. కడిగారు. రేడియం పెట్టి చూశారు. పల్లె నుంచి ఒక నాటు వైద్యుడు వచ్చాడు. పచ్చి ఆకులు నూరి, పసరు పిండి, పుండు మీద వేసి కట్టాడు. రోజూ పసరు, రోజూ కట్టు. జనం ఆశగా ఆ కట్టు కేసి చూసేవారు. ఒక వారం బాగున్నట్టే అనిపించేది. కట్టు విప్పితే గడ్డ ఇంకొంచెం ఎత్తుకు లేచి ఉండేది.

మహర్షి వీటిలో దేనికీ అడ్డు చెప్పలేదు. డాక్టరు వస్తే చెయ్యి డాక్టరుకు చాపారు. పసరు వైద్యుడు వస్తే పసరుకు చాపారు. మీకు ఏది ఇష్టం, ఏది చేయించమంటారని అడిగితే, మొదట్లో వైద్యం మొదలుపెట్టినప్పుడు నేనేమన్నా చెప్పానా అని ఎదురు అడిగారు. మందు కావాలన్నది మీరు, కాబట్టి నిర్ణయం కూడా మీదేనన్నారు. తననే అడిగితే మొదటి రోజు చెప్పిందే ఇప్పుడూ చెబుతానన్నారు. ఏ మందూ అక్కర్లేదు, దాని దారిన దాన్ని పోనివ్వండి. విన్నవాళ్లు మరో డాక్టరు కోసం పరిగెత్తారు.

ఈ ఒక్క మాట పట్టుకుని, మహర్షి అంతటివారే ఆపరేషన్ వద్దన్నారు కదా అని జబ్బు మనిషిని ఇంట్లో కూర్చోబెట్టేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు. అది నిజం కాదు. ఆయన వద్దన్నది చెయ్యి నరకడం. కత్తికి మాత్రం చెయ్యి ఇస్తూనే వచ్చారు. మొదటిసారి, రెండోసారి. ఇదిగో, మూడోసారి కూడా.

ఆగస్టు 7. మళ్లీ ఆదివారం. మళ్లీ మద్రాసు డాక్టర్లు. ఆశ్రమం ఆస్పత్రి ముందు పొద్దుటి నుంచే జనం. లోపలికి వేడినీళ్లు వెళ్తున్నాయి. నెత్తుటి గుడ్డలు బయటికి వస్తున్నాయి. ఎవరూ మాట్లాడటం లేదు. పెదవులు మాత్రం కదులుతున్నాయి. గడ్డను ఈసారి వీలైనంత లోతుగా తీశారు. అయిందన్నారు. ఇక కొన్ని రోజులు పూర్తి విశ్రాంతి, ఎవరినీ కలవకూడదు, దర్శనాలు బంద్ అని డాక్టర్లు గట్టిగా చెప్పారు. జనం తలలు వంచుకుని వెనక్కి తిరగబోయారు.

అంతలో ఆస్పత్రి వరండాలో కుర్చీ చప్పుడైంది. తెల్లటి పెద్ద కట్టుతో మహర్షి అక్కడ కూర్చుని ఉన్నారు. పొద్దున కోత, సాయంత్రం దర్శనం. దూరం నుంచి వచ్చినవాళ్లు చూడకుండా వెళ్లకూడదు, అంతే. వందల మంది ఒకరి వెనక ఒకరు వచ్చారు. మొక్కారు. కొందరు ఆయన కళ్లలోకి చూడలేక కట్టును చూసి ఏడ్చారు. ఆయన నవ్వారు. డాక్టర్లు పక్కన నిలబడి చూస్తూ ఉండిపోయారు. మందుల సంగతి వాళ్లకు తెలుసు. ఈ రోగి సంగతే అంతుపట్టడం లేదు.

ఆయన పేచీ పెట్టిన విషయం ఇంకొకటి కూడా ఉంది. తిండి. రక్తం పోతోంది కాబట్టి బలమైనవి పెట్టాలని పళ్లరసాలు, టానిక్కులు తెచ్చేవారు. పంక్తిలో అందరికీ వడ్డించనిది తనకు వడ్డించడం ఆయనకు సరిపడేది కాదు. రోగి అయినా అంతే. వంటవాళ్లు బతిమాలారు. సేవకులు బతిమాలారు. ఆయన మాట మారలేదు. ఇటు చెంపలు లోపలికి పోతున్నాయి. ఎముకలు పైకి తేలుతున్నాయి.

వానాకాలం వచ్చింది. కొండ పచ్చబడింది. కొన్నాళ్లు గడ్డ ఊసు లేదు. జనం మెల్లగా ధైర్యం తెచ్చుకున్నారు. నవంబరు దాటింది. కార్తీక దీపం కొండ మీద వెలిగింది. ఆ వెలుగు ఆరకముందే చెయ్యి మళ్లీ బరువెక్కింది. ఈసారి గడ్డ పాత చోటు దాటి పైకి, భుజం వైపు జరిగింది.

డిసెంబరు 19, సోమవారం. నాలుగోసారి. చలి. బయట అదే జనం, లోపల అవే పనిముట్లు. కాకపోతే కత్తి పట్టినవాళ్ల మొహాల్లో పాత ధీమా లేదు. చేయగలిగినంత చేశారు. చేతులు కడుక్కుని బయటికి వచ్చి నిజం చెప్పేశారు. గడ్డ మళ్లీ వస్తే మా దగ్గర ఇంకేమీ లేదు. ఇంగ్లీషు వైద్యం చేతులెత్తేసింది.

వచ్చింది.

ఇక తలుపులన్నీ తెరుచుకున్నాయి. హోమియోపతి వైద్యుడు వచ్చారు. తెల్లటి చిన్న మాత్రలు. కొన్నాళ్లు చూశారు. కేరళ నుంచి ఆయుర్వేద వైద్యులు వచ్చారు. కషాయాలు, తైలాలు, లేపనాలు. ఇంకొన్నాళ్లు చూశారు. కలకత్తా నుంచి కవిరాజును పిలిపించారు. మళ్లీ కొత్త మందు, కొత్త పథ్యం. ఒక వైద్యుడు వెళ్లేలోపు ఇంకో వైద్యుడు. ఒకరి మందు వాడుతుండగా ఇంకొకరి మందు సిద్ధం. ప్రతి ఒక్కరూ చేతనైనంత శ్రద్ధతోనే చేశారు. ఎవరినీ తప్పుపట్టడానికి లేదు. అయితే సార్కోమా ఎవరి మాటా వినలేదు. గడ్డ చంక దాకా పాకింది. నెత్తురు కారడం ఆగలేదు. మనిషి పాలిపోయారు.

1950 జనవరి 5న డెబ్బయ్యో జయంతి. అంత నీరసంలోనూ బయటికి వచ్చి కూర్చున్నారు. గుడి ఏనుగు వచ్చి తొండంతో పాదాలు తాకింది. ఆ ఏడాది మొదట్లోనే రచయిత చలం బెజవాడ వదిలిపెట్టి, కుటుంబంతో సహా అరుణాచలం చేరుకున్నారు. ఇలా ఒక్కొక్కరే వచ్చి చేరుతున్నారు. రైళ్లు నిండుతున్నాయి. వచ్చిన ప్రతివాళ్లూ ఒకటే మొర. భగవాన్, మీరు తల్చుకుంటే ఈ జబ్బు పోదా? మాకోసమైనా తల్చుకోకూడదా?

ఒక భక్తుడికి మహర్షి అరిటాకు సంగతి చెప్పారు. ఆకు నిండా పదార్థాలు వడ్డించుకుని తృప్తిగా తింటాం. తిన్నాక ఆ ఆకును దాచుకుంటామా? అవతల పారేస్తాం. ఈ ఒళ్లూ అంతే. మరో సందర్భంలో, నేను పోతున్నానని వీళ్లు బాధపడుతున్నారు గానీ ఎక్కడికి పోగలను, ఇక్కడే ఉన్నాను కదా అన్నారు. వేదాంతం బాగానే ఉంది. రోజూ దగ్గరుండి చూసేవాళ్లకు మాత్రం ఆ చెయ్యి కనిపిస్తోంది. దుర్వాసన రాకుండా కడుగుతున్నారు. కదిలిస్తే చాలు, బాధ మొహంలో తెలిసిపోతోంది.

హాలు మెట్లు ఎక్కలేని రోజు వచ్చింది. గుడికి దగ్గర్లో ఒక చిన్న గది. మంచం, రెండు కిటికీలు, మందుల బల్ల. అంతకు మించి చోటు లేదు. ఆ గదిలోకి మార్చారు. పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు తలుపు తెరిచేవారు. జనం వరసగా వచ్చి, గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి, చూసి, కదిలిపోయేవారు. ఇది కూడా ఆపేద్దామన్నారు కొందరు. ఆయన ఒప్పుకోలేదు. తలగడ మీద తల అటు తిప్పుకుని, వచ్చినవాళ్లు వచ్చినట్టు చూస్తూనే ఉన్నారు. వరస రోజురోజుకీ పొడుగవుతోంది. ఆయన ఊపిరి రోజురోజుకీ పొట్టిదవుతోంది.

ఏప్రిల్ 13, గురువారం. ఛాతీలో కఫం పట్టేసింది. ఊపిరితిత్తులు బరువెక్కాయి. ఉపశమనంగా ఉంటుందని డాక్టరు మందు తెచ్చారు. మహర్షి తల అడ్డంగా ఊపారు. అక్కర్లేదు, రెండు రోజుల్లో అంతా సర్దుకుంటుందన్నారు. ఇన్ని నెలల్లో ఎదటివాళ్ల తృప్తి కోసం ఏ మందునూ కాదనని మనిషి ఇవాళ కాదన్నారు. డాక్టరుకు గుండె జారింది. ఆ రాత్రి సేవకులను వెళ్లి పడుకోమన్నారు, లేదంటే ధ్యానం చేసుకోమన్నారు. నన్ను ఒంటరిగా వదిలేయండన్నారు. వాళ్లు వెళ్లారు గానీ ఎవరికి నిద్ర పడుతుంది?

శుక్రవారం. చిత్తూరు ఎండలకు ఏమాత్రం తీసిపోని ఎండ. గదిలో గాలి ఆడటం లేదు. సేవకులు ఇద్దరు విసనకర్రలు పట్టుకుని రెండు వైపులా నిలబడ్డారు. మధ్యాహ్నం కొంచెం ద్రవాహారం తెచ్చారు. టైమెంతైందని అడిగారు. జీవితమంతా గడియారం చూసి నడుచుకున్న మనిషి. వెంటనే, ఇక మీదట టైముతో పని లేదులే అన్నారు. సేవ చేసినవాళ్లను చూసి సంతోషం అన్నారు. గది కప్పు మీద నెమలి కూసింది. దానికి ఇవాళ తిండి పెట్టారా అని అడిగారు. గుమ్మం దగ్గర నిలబడ్డవాళ్లు మొహాలు పక్కకు తిప్పుకున్నారు.

సాయంత్రం దర్శనానికి వరస సాగింది. ఎప్పుడూ లేనంత జనం. పోలీసులు తాళ్లు పట్టుకుని దారి చేస్తున్నారు. లోపల ఆ మనిషి పక్కటెముకలు లేస్తున్నాయి, పడుతున్నాయి. పొద్దు గుంకింది. నన్ను లేపి కూర్చోబెట్టండన్నారు. ఎక్కడ ముట్టుకున్నా బాధేనని సేవకులకు తెలుసు. వెనకాడారు. దాని గురించి బెంగ పడొద్దన్నారు. వీపుకు తలగడలు పెట్టి, ఒకరు తలను చేతులతో ఆనించి పట్టుకున్నారు. డాక్టరు ఆక్సిజన్ గొట్టం ముక్కు దగ్గరికి తెచ్చారు. మహర్షి కుడిచెయ్యి పైకి లేచింది.

వద్దని ఊపారు. గొట్టం వెనక్కి వెళ్లింది. పద్నాలుగు నెలల వైద్యం అక్కడితో సరి.

గదిలో పది పన్నెండు మంది. బయట చీకట్లో వందల కళ్లు, కిటికీలోంచి కనిపిస్తున్న ఆ విసనకర్రల కదలిక మీదే. అవి ఊగినంతసేపు ఫరవాలేదు. వరండాలో కూర్చున్న కొందరు అక్షరమణమాల అందుకున్నారు. 108 చరణాల ఆ అరుణాచల స్తోత్రం ఆయనే ఎన్నో ఏళ్ల కిందట, కొండ మీద ఉన్న రోజుల్లో తమిళంలో రాశారు. భిక్షకు వెళ్లేటప్పుడు సాధువులు పాడుకోవడానికి. పాట గదిలోకి వచ్చింది. మహర్షి కళ్లు తెరిచారు. పెదవుల మీద నవ్వు లేచింది. కంటి కొసల నుంచి నీళ్లు జారాయి. ఒక దీర్ఘమైన ఊపిరి. గదిలో అందరూ రెండోదాని కోసం చూశారు.

రాలేదు. రాత్రి 8 గంటల 47 నిమిషాలు.

సరిగ్గా అప్పుడే బయట ఎవరో ఆకాశం వైపు చెయ్యి చూపించి కేక వేశారు. ఒక వెలుగు ఆకాశం అడ్డంగా, తోక సాచుకుని, తాపీగా కొండ వైపు సాగిపోయింది. ఫ్రాన్స్ నుంచి వచ్చి ఆ రోజుల్లో అక్కడే ఉన్న ఫొటోగ్రాఫర్ హెన్రీ కార్టియే బ్రెసాన్ దాన్ని చూశారు, గడియారం చూసుకున్నారు, ఆశ్రమానికి పరుగు తీశారు. అప్పటికే జనం గది మీద విరుచుకుపడుతున్నారు. అరుపులు, ఏడుపులు, పాట, అన్నీ కలిసిపోయాయి.

దేహాన్ని ఎత్తుకొచ్చి గుడికి ఎదురుగా ఉన్న పెద్ద హాల్లో కూర్చోబెట్టారు. తలుపులు తెరిచారు. పోలీసులు మళ్లీ తాళ్లు పట్టారు. ఊళ్లోంచి, పక్క పల్లెల్లోంచి జనం లాంతర్లు పట్టుకుని చీకట్లో నడిచి వచ్చారు, తెల్లారేదాకా వస్తూనే ఉన్నారు. శనివారం పొద్దునకల్లా మద్రాసు బస్సులు దిగాయి. వరస మళ్లీ మొదటికొచ్చింది. అందులో డాక్టర్లు ఉన్నారు, వంటవాళ్లు ఉన్నారు, నిన్న సాయంత్రం ఆలస్యమై వెనక్కి వెళ్లినవాళ్లు ఉన్నారు. సాయంత్రం తల్లి గుడి పక్కన సమాధి గొయ్యి సిద్ధమయ్యేదాకా ఒక్కొక్కరినీ లోపలికి పంపుతూనే ఉన్నారు.